రాయి వంతు మంత్రం

పిల్లి గీరితే మంత్రగాడు చచ్చిపోవడం ఆ ఆటలో కొత్తేమీ కాదు. ఈసారి చచ్చినవాడు ఒక పెద్దమనిషి గారి అబ్బాయి ఆడించే మంత్రగాడు. అదొక్కటే కొత్త.

విశాఖపట్నంలో దాన్ని గుహలాట అంటారు. బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. ఒకరు ఆటపెద్ద. గుహలో ఏముందో ఆటపెద్ద చెబుతుంది, మిగిలినవాళ్లు తమ మనిషి ఏం చేస్తాడో చెబుతారు, మాటతో తేలనిదాన్ని ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఎవరి మనిషి వాళ్లకుంటాడు. వస్తాదు మొదటి రోజు నుంచే కత్తి పట్టుకుని ముందు నడుస్తాడు. మంత్రగాడు దెబ్బకొకటి చొప్పున పోయే రెండు ఊపిర్లతో, ఒక మంత్రంతో బయల్దేరతాడు. ఆ మంత్రం కాస్తా చదివేశాక వాడికీ మేకకీ తేడా ఉండదు. అయితే చావకుండా మెట్లెక్కుతూ పోతే ఒకనాటికి కొండల్ని పిండి చేస్తాడు. వస్తాదు అప్పటికీ కత్తి పట్టుకునే ఉంటాడు. ఎనభైల్లో ఏదో ఓడ మీద వచ్చిన పుస్తకంలో ఇలాగే ఉంది. ఇలా ఎందుకుందని ఎవరూ అడగలేదు.

పెద్దమనిషి గారి అబ్బాయి కాలేజీ పోటీల్లో మంత్రగాణ్ణి ఎంచుకున్నాడు. వాడు గుహ దాకా వెళ్లలేదు. పూటకూళ్లింటి వంటగదిలో పిల్లి తోక తొక్కాడు. అది రెండుసార్లు గీరింది. అబ్బాయి ఇంటికెళ్లి అన్నం ముట్టలేదు. తండ్రి ఫోను చేశాడు. రాష్ట్ర అంతర్గృహ క్రీడా సంస్థ సమావేశమై, పిల్లి చర్యను ఖండించి, వారం తిరక్కుండా పాత్రల సమతుల్యతా నియమావళిని విడుదల చేసింది. "ఏ పాత్రయూ మరియొక పాత్ర కంటె ఎక్కువ గానీ తక్కువ గానీ కారాదు" అన్నది అందులో మొదటి వాక్యం. రెండో వాక్యం లేదు. మిగిలినవి సంతకాలు.

కూర్మారావుకి ఈ సంగతి తెలీదు. ఆ ఆదివారం అతను పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రిక్రియేషన్ క్లబ్బు మేడమీది గదికి అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు. ఓడరేవులో క్రేను నడిపే మనిషి. ఇస్త్రీ చొక్కా పెళ్లిళ్లకి తప్ప తియ్యడు. ఆ రోజుకి అతని మంత్రగాడు కొత్త మెట్టెక్కాడు. ఆ మెట్టు మీద పుస్తకం ఒక మంత్రం ఇస్తుంది. రాయిని మనిషిని చేసే మంత్రం.

రాయి అతని బావ.

బావ అప్పలనాయుడుకి గాజువాక రోడ్డులో వెల్డింగు షాపుంది. ఆటలో అతనిది వస్తాదు. కూర్మారావు మంత్రగాడికి రెండే ఊపిర్లున్న రోజుల నుంచి ప్రతి మలుపులోనూ అతని వస్తాదే ముందు. "నువ్వు ఎనక్కుండు బావా, నిన్ను ఎలక కొరికినా పోతావు" అనేవాడు. కూర్మారావు ఉడుక్కుని, "నాకూ ఓ రోజొస్తాది, సూసుకో" అనేవాడు. ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఆ రోజు రాకముందే, కిందటి వర్షాకాలంలో, గుహ అడుగున కోడిపాము ఎదురైంది. కోడి తల, పాము తోక. దాని చూపు పడితే రాయే. అది మంత్రగాడి వైపు తల తిప్పింది. వస్తాదు అడ్డం వెళ్లాడు.

అప్పట్నుంచీ అప్పలనాయుడు ఆదివారం మానలేదు, కొత్త మనిషిని చేసుకోనూ లేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, కింద క్యాంటీన్ నుంచి అందరికీ టీ తెచ్చేవాడు. "ఇంకోణ్ణి చేసుకోరాదా నాయుడన్నా" అని టైలరు మస్తాన్ అడిగితే, "సచ్చిపోతే సేసుకుందును. నాను సావలేదు కదా, రాయినైనాను" అన్నాడు.

ఆటలో మస్తాన్‌ది దొంగ. తాళాలు తీయడం వాడి విద్య. నూరు తాళాలకి పదిహేను తీస్తాడు, మిగతావాటి దగ్గర పుస్తకం తప్పంటాడు.

ఆటపెద్ద ఎస్తేరమ్మ. హెడ్ నర్సుగా రిటైరైంది. గుహ పటం ఆవిడ బొగ్గుతో ఆ గది గోడ మీదే గీసింది. ఏళ్ల తరబడి పెరిగి అది నాలుగు గోడలూ ఎక్కి, తలుపు మీదుగా దిగి, స్విచ్చిబోర్డు చుట్టూ తిరిగింది. ఆ గదిని విప్పి ఇంకోచోటికి తీసుకెళ్లడం కుదరదు.

"ముందే చెబుతున్నా" అంది ఎస్తేరమ్మ ఆ రోజు, ఆపరేషనుకి ముందు చుట్టాలతో మాట్లాడినట్టు. "రాయి మనిషవడం అంటే ఒంటికి చిన్న దెబ్బ కాదు. కూర్మారావు మంత్రం చదివాక నాయుడు పాచిక వెయ్యాలి. పదకొండూ ఆపైన పడితే లేస్తాడు. పదీ, అంతకి తక్కువా పడితే ముక్కలైపోతాడు. మళ్లీ అతకడం ఉండదు."

"ఏసీసుకుందాం సిస్టరమ్మా" అన్నాడు అప్పలనాయుడు. కిటికీ దగ్గర్నుంచి కుర్చీ లాక్కుని బల్ల దగ్గరికి వచ్చాడు.

కూర్మారావు గొంతు సవరించుకున్నాడు.

"ఆగుడు" అన్నారు గుమ్మంలోంచి.

వచ్చినాయన దండిభొట్ల వైకుంఠం. సంస్థవారి సమతుల్యతాధికారి. క్లబ్బు సెక్రటరీ కూడా వెనకాలే వచ్చి నిలబడ్డాడు. సెక్రటరీ చాలాకాలంగా ఆ గదిలో క్యారమ్ బల్లలు వేయించాలనుకుంటున్నాడు.

"తమరు చేయబోవు సదరు చర్య ఏమి?" అన్నాడు వైకుంఠం.

"మంత్రం సార్."

"అది ఎవరెవరికి కలదు?"

"నాకే."

వైకుంఠం మస్తాన్ వంక చూశాడు, ఆకలిగా ఉన్నవాణ్ణి చూసినట్టు. తర్వాత అప్పలనాయుడు వైపు తిరిగాడు. "ఈ పాత్ర ప్రస్తుత స్థితి?"

"రాయి" అంది ఎస్తేరమ్మ.

"సెలవుపైనా, విధులలోనా?"

"డూటీలోనే రాయైనాను బావూ" అన్నాడు అప్పలనాయుడు.

"విధినిర్వహణలో శిలాత్వము" అని వైకుంఠం రాసుకున్నాడు. "సమతుల్యత నెలకొను వరకు ఎట్టి మంత్రములూ చదువరాదు. నియమావళి పాటించని జట్టునకు గుర్తింపు ఉండదు."

"గుర్తింపు లేకపోతే గది ఉండదు" అన్నాడు సెక్రటరీ. గోడలు చూశాడు. "ఖాళీ అయిన గదికి సున్నం కొట్టించడం క్లబ్బు ఆనవాయితీ."

ఎస్తేరమ్మ గోడ వైపు చూడలేదు. "పాటిస్తాం" అంది.

మరుసటి ఆదివారం వైకుంఠం లెక్కలు తెచ్చాడు. ముగ్గురి ఊపిర్లూ కలిపి మూడు సమాన భాగాలు చేశాడు. వస్తాదు ఊపిర్లు తగ్గాయి, మిగిలిన ఇద్దరివీ పెరిగాయి.

"రాయికి ఊపిరెందుకు సార్?" అన్నాడు కూర్మారావు.

"వాడుకొనుటకు కాదు. సమానముగా ఉండుటకు."

కత్తి కూడా ముగ్గురిదీ అయింది. తాళాలు తీసే విద్య ముగ్గురిదీ అయింది. మస్తాన్‌కి మొదట సంతోషమేసింది. "ఇన్నాళ్లకి దొంగకి న్యాయం జరిగినాది. నా మాట ఎవుడిన్నాడు?" అన్నాడు. అర్ధగంటలో ఒక తలుపు వచ్చింది. మస్తాన్ చొక్కా చేతులు మడిచాడు. "జరగండి, నాన్తీస్తాను."

"మూడవ వంతు తీయుడు" అన్నాడు వైకుంఠం.

మస్తాన్ తన వంతు తీశాడు. కూర్మారావు తన వంతు తీశాడు. మిగిలిన వంతు రాయిది.

"రాయికి చేతులు కదలవు కదా సార్" అన్నాడు మస్తాన్.

"కదలకుండుట ఆ పాత్ర వ్యక్తిగత విషయము. అవకాశము మాత్రము కల్పించబడినది."

ఆ తలుపు మూడింట రెండొంతులు తెరుచుకుని ఉండిపోయింది. వాళ్లు ఆ రోజంతా దాని ఇవతలే ఉన్నారు. మస్తాన్ మళ్లీ న్యాయం మాట ఎత్తలేదు.

దానికి పై ఆదివారం మంత్రాల పంపకం. కూర్మారావు మంత్రం మీద వైకుంఠం అడ్డంగా రెండు గీతలు గీశాడు. మొదటి ముక్క కూర్మారావుకి, మధ్య ముక్క మస్తాన్‌కి, చివరి ముక్క వస్తాదుకి.

కూర్మారావు ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. "సార్, ఇది రాయిని మనిషిని సేసే మంత్రం."

"అవును."

"ఆఖరి ముక్క రాయి సదవాల."

"అవును."

"సదవాలంటే మనిషవ్వాల గదా సార్. మనిషవ్వాలంటే సదవాల."

"అది ఉభయులూ కూర్చుని పరిష్కరించుకొనవలసిన విషయము" అన్నాడు వైకుంఠం.

అప్పలనాయుడు టీ గ్లాసు కింద పెట్టాడు. "నానిక్కడే ఉన్నాను కదా. నాను సదివీనా?"

"తమరు ఆటగాడు. చదువవలసినది పాత్ర. ఒకరి బదులు ఒకరు చదువుట మోసము."

"పోనీ రాయి ఊరుకుంది కదా సార్" అన్నాడు మస్తాన్. "కాదన్లేదు కదా."

వైకుంఠం ఆలోచించాడు. ఆ మాట సంస్థ దాకా వెళ్లింది. రెండు వారాలకి జవాబొచ్చింది. మౌనము అర్ధాంగీకారమని పెద్దలు చెప్పియున్నందున, రాయి తన వంతు మంత్రములో సగము చదివినట్లు భావించవచ్చును. మిగిలిన సగము విషయమై రాయి స్వయముగా హాజరు కావలెను.

"ఆరో వంతు మిగిలినాది బావా" అన్నాడు అప్పలనాయుడు. "నా ముక్కలో సగమైనాది కదా, నడుం కాణ్ణించి పైకి లేచినట్టేనా?"

ఎస్తేరమ్మ, "కింద నుంచి పైకి లేస్తారు. పాదాలు ముందు" అంది. నడుం దాకా మనిషైన వస్తాదు ఆ సాయంత్రమంతా గుహలో నిలబడి కాళ్లు నొప్పులన్నాడు.

పాచికల సంగతి వానలు ఆగాక వచ్చింది. పాచిక ఒకరికి ఇరవై వేస్తుంది, ఒకరికి ఒకటి వేస్తుంది. ఇంతకంటే బాహాటమైన పక్షపాతం లేదని సంస్థ గమనించింది. ఇరవై ముఖాల సగటు తీశారు. పదిన్నర వచ్చింది. అర చెక్కడానికి చోటు చాలక పది చెక్కారు. ఇరవై ముఖాల మీదా పదే. పాత పాచికలు స్వాధీనం చేయమన్నారు.

ఎస్తేరమ్మ బల్ల మీదున్నవన్నీ అప్పగించింది.

మస్తాన్ కొత్త పాచిక వేశాడు. పది. కూర్మారావు వేశాడు. పది. "ఇంక ఎయ్యడమెందుకు సార్? పదని రాసీసుకుందాం."

"వేయనిదే ఆట ఎట్లగును?" అన్నాడు వైకుంఠం. ఆయనకి నిజంగానే కష్టమేసింది.

ఆ రోజు మేడ దిగుతుంటే కూర్మారావు మెట్ల మధ్యలో ఆగిపోయాడు. లేవాలంటే పదకొండు పడాలి. పది పడితే ముక్కలు. రాయి హాజరై ఆరో వంతు చదివినా, ఆ పాచికకి తెలిసింది పది ఒక్కటే. ఇన్నాళ్లూ తను కాళ్లావేళ్లా పడుతున్నది బావని చంపడానికి.

అతను ఆ తర్వాత రెండు ఆదివారాలు మంత్రం గురించి అడగలేదు. మూడో ఆదివారం ఇంకో దారిలో అడిగాడు. ఇల్లాలితో రెండుసార్లు చెప్పి చూసుకుని మరీ వచ్చాడు.

"సార్. అందరూ ఒకలాగుండాలంటారు. అంతేనా?"

"అంతియే."

"మేమిద్దరం మనుషులం. ఆడు నడుం పైన రాయి. ఇది సమానమా?"

వైకుంఠం పెన్ను ఆపాడు. ఆ ప్రశ్న అంతవరకూ ఆయనకి తట్టలేదని ముఖం చెబుతోంది. "కాదు. ఇది పెద్ద లోపము."

"మరి మంత్రం, పాచికా ఏటీ వద్దు. మీరే ఓ ఆర్డరు రాసీండి. ఆణ్ణి మనిషిని సేసీండి. సమానమైపోతాది."

అప్పలనాయుడు కిటికీ దగ్గర్నుంచి బావ వంక చూశాడు. క్రేను నడిపేవాడికి ఇంత బుర్ర ఉందనుకోలేదు.

వైకుంఠం ఆ ప్రశ్నను సంస్థకి పంపాడు. వారంలో ఉత్తర్వు వచ్చింది. ఆయన నిలబడి చదివాడు.

"సదరు ముగ్గురు పాత్రలలో ఒకరు పాక్షికముగా శిలయై యుండుట విచారకరము. అట్టి పాత్రను మనిషిగా లేవదీయుట ఒకరికి మేలు చేయుట యగును, అది పక్షపాతము. మిగిలిన ఇద్దరినీ శిలలుగా మార్చి, మొదటివానిలో మనిషియైన భాగమును కూడ శిలగా మార్చినచో ఎవరికినీ మేలు జరుగదు. కావున అది విధానము."

మస్తాన్ తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"ఒకణ్ణి లేపితే తప్పూ, ఇద్దర్ని పడేస్తే రూలూనా బావూ?" అన్నాడు అప్పలనాయుడు.

"తమరు చాలా క్లుప్తముగా చెప్పినారు" అన్నాడు వైకుంఠం. వెంటనే గోడ వైపు చూసి, "ఆటపెద్ద గారూ, అమలు చేయుడు" అన్నాడు.

ఎస్తేరమ్మ చెప్పింది. మంత్రగాడు రాయి. దొంగ రాయి. వస్తాదు తల నుంచి కాలి దాకా రాయి. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు. వైకుంఠం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తూనికల శాఖలో ఇరవయ్యేళ్లు చేసినా ముల్లు ఇంత నిఖార్సుగా మధ్యలో నిలబడటం ఆయన చూడలేదు.

జట్టుకి ఆదర్శ జట్టు పత్రం వచ్చింది. సెక్రటరీ దాన్ని తానే మేకు కొట్టి తగిలించాడు, పటంలో రెండో అంతస్తు మీద. మిగిలిన జిల్లాల జట్లు కూడా రాళ్లు కావాలని సంస్థ ఆదేశించింది. ఆ ఏడు రాష్ట్రస్థాయి పోటీల్లో అన్ని జట్లకీ మొదటి బహుమతి వచ్చింది. పోటీలు ప్రశాంతంగా జరిగాయని వార్త.

మరుసటి ఆదివారం వైకుంఠం మామూలుగానే తనిఖీకి వచ్చాడు. బల్ల మీద మూడు రాళ్లున్నాయి. మస్తాన్ బీచి నుంచి తెచ్చి, టైలరు సుద్దతో పేర్లు రాశాడు: మంత్రగాడు, దొంగ, వస్తాదు. ఒకే సైజు దొరకడానికి పొద్దంతా వెతికాడు. ఒక్కో రాయి ముందూ ఒక్కో పదుల పాచిక. ఎదురుగా కుర్చీలు ఖాళీ. గోడవారన చాప పరుచుకుని నలుగురూ కూర్చున్నారు.

"వీరెవరు?" అన్నాడు వైకుంఠం చాప వైపు చూసి.

"ప్రేక్షకులు సార్" అంది ఎస్తేరమ్మ.

ఆయన జేబులోంచి నియమావళి తీసి చూశాడు. అది పాత్రలకి సంబంధించింది. ప్రేక్షకుల మాట ఎక్కడా లేదు. రాళ్లను మరోసారి చూశాడు. మస్తాన్ పనితనం ఆయనకి నచ్చింది. "చూడవచ్చును" అన్నాడు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు. "అయితే ఆటగాళ్లకు అంతరాయము కలిగింపరాదు."

"నిమ్మళంగా సూస్తాం బావూ" అన్నాడు అప్పలనాయుడు.

ఆయన మెట్లు దిగిన చప్పుడు పూర్తయ్యే దాకా ఎస్తేరమ్మ ఆగింది. తర్వాత కళ్లజోడు పెట్టె తెరిచింది. కళ్లజోడు కింద గుడ్డముక్క, గుడ్డముక్కలో ఇరవై ముఖాల పాచిక. ఓడ మీద పుస్తకంతోపాటు వచ్చింది. మూలలు అరిగిపోయాయి.

"బల్ల మీదది వాళ్లాట" అంది. "మన ఆట ఆ ఆదివారం ఆగింది. ఆయనొచ్చి ఆగమన్నాడు చూడు, అక్కడ. కూర్మారావు గొంతు సవరించుకున్నాడు."

కూర్మారావు మళ్లీ సవరించుకున్నాడు. మంత్రం మొత్తం చదివాడు, మొదటి ముక్క, మధ్య ముక్క, చివరి ముక్క, ఎక్కడా ఆగకుండా.

"పదకొండు పడాలి" అంది ఎస్తేరమ్మ. పాచిక అప్పలనాయుడు అరచేతిలో పెట్టింది.

అప్పలనాయుడు దాన్ని ఊదాడు. చాప మీద వేశాడు. అది దొర్లి, మస్తాన్ మోకాలికి కొట్టుకుని, ఆగింది.

పది.

కూర్మారావు ఇన్నాళ్లూ దాచుకున్న రోజు వచ్చింది, అయిపోయింది.

అప్పలనాయుడు వంగి పాచిక దగ్గరగా చూశాడు. "పదే" అన్నాడు. "ఆళ్లిచ్చిన పదీ ఇదీ ఒకటేనా సిస్టరమ్మా?"

"కాదు" అంది ఎస్తేరమ్మ. "అది చెక్కింది. ఇది పడింది."

"అయితే సచ్చిపోనానా? నిజంగా?"

"ముక్కలైపోయావు నాయుడూ. మళ్లీ అతకడం లేదు."

అప్పలనాయుడు నవ్వడం మొదలెట్టాడు. ముందు మెల్లగా, తర్వాత చాప మీద చెయ్యి కొడుతూ. "సచ్చిపోనాన్రా బావా! ఎన్నాళ్లయిందిరా మనలో ఎవుడికైనా ఏదైనా జరిగి!" మస్తాన్ కూడా నవ్వాడు. బల్ల మీది ఆటగాళ్లకు అంతరాయం కలిగే ఉంటుంది. కూర్మారావు కళ్లు తుడుచుకుంటూ, "నీ జిమ్మడ, నవ్వుతావేటి బావా, నాను లేపలేకపోనాను" అన్నాడు.

"సదివినావు కదా, అది సాలు. సిస్టరమ్మా, ఇప్పుడు నాకు కొత్త మనిషి కావాల."

"వస్తాదేనా?"

అప్పలనాయుడు బావ వంక చూశాడు. "కాదు. మంత్రగాడు."

మంత్రగాడికి రాసిపెట్టిన రెండు ఊపిర్లూ ఇచ్చింది ఎస్తేరమ్మ. ఒక మంత్రం ఇచ్చింది, దీపం వెలిగించేది.

"రెండూపిర్లు" అన్నాడు అప్పలనాయుడు. చాప మీద జరిగి జరిగి కూర్మారావు వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. "ఎలక్కొరికినా పోతాను బావా."

కూర్మారావు ఇస్త్రీ చొక్కా సర్దుకున్నాడు. గోడ మీద మళ్లీ మొదటి అంతస్తు దగ్గరికి, పూటకూళ్లింటి బొమ్మ దగ్గరికి చూశాడు. కొత్తవాడు ఎవడైనా అక్కణ్ణించే బయల్దేరాలి.

"సిస్టరమ్మా, వంటగదిలో పిల్లుందా?"

"వెళ్లి చూసుకో" అంది ఎస్తేరమ్మ.

"నువ్వు ఎనక్కుండు బావా" అన్నాడు కూర్మారావు, ముందు నడిచాడు.